కొండమీది పెళ్లి, పద్నాలుగో బొమ్మ

ఏ పనికైనా ముందుగా పట్టిక గీసుకోవడం నాకు మొదటి నుంచీ ఉన్న అలవాటు. తిరుపతిలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించిన కాలమంతా, ప్రయోగశాల బీరువాలో ఏ వస్తువు ఏ అరలో ఉండాలో కాగితం మీద రాసి తలుపు లోపలివైపు అంటించి ఉంచేవాణ్ణి. ఆ కాగితం చూడకుండా సీసాను తోచినచోట పెట్టిన విద్యార్థిని గంట కొట్టేదాకా నిలబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. అటువంటి వాణ్ణి గనుక, డెబ్బైల చివర ఒక వేసవిలో మా చిన్నమ్మ కూతురి పెళ్లికి ఫోటోలు తీసే బాధ్యత నా మీద పడినప్పుడు, మొదట రూళ్ల నోటుబుక్కు తెరిచి ఇరవైనాలుగు వరుసలు గీశాను.

నా దగ్గర ఉన్నవి రెండే రీళ్లు. ఒక్కొక్క రీలుకు పన్నెండు బొమ్మలు పడతాయి. పైనుంచి తల వంచి చూసే పెట్టె కెమెరా అది. ముందువైపు ఒకదాని కింద ఒకటిగా రెండు కళ్లు, పైన మూత తెరిస్తే ఒక గాజు పలక. ఎదుటి దృశ్యం ఆ పలక మీద కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది. బదిలీ మీద వెళ్లిపోతున్న సహోపాధ్యాయుడి దగ్గర దాన్ని తీసుకొని అప్పటికి రెండేళ్లయింది. బడిపిల్లల గుంపు ఫోటోలు, కొండల మీద మబ్బులు తీశానే గాని పెళ్లి ఎన్నడూ తీయలేదు. నోటుబుక్కులో ప్రతి వరుసకూ సంఖ్య, ఘట్టం, చోటు, వెలుతురు, దూరం అని గడులు పెట్టి, చివర 'ఫలితం' అని ఒక గడి ఖాళీగా వదిలాను. పద్నాలుగో వరుసలో మాంగల్యధారణ వచ్చింది. దాని కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీశాను. తాళి కట్టే సమయానికి రీలు అయిపోయే ప్రమాదం రాకూడదని, రెండో రీలులో రెండో బొమ్మగా దాన్ని నిలిపాను. ఆ ఏర్పాటుకు నాకు నేనే సంతోషించిన మాట నిజం.

పెళ్లి జరిగిన ఇల్లు మదనపల్లెకు పైన, కొండల్లో ఉండేది. హార్సిలీ కొండకు పోయే దారిలో బస్సు దిగి, బండలు పరిచిన బాట మీద గంటసేపు ఎక్కితే, రెండు కొండల నడుమ చదునైన నేల మీద రాతిగోడల మిద్దె ఒకటి కనిపిస్తుంది. మా చిన్నాయన తండ్రి కట్టించిన ఇల్లు అది. కత్తిరి ఎండల్లో తిరుపతి వీధులు కాలే పెనంలా ఉన్న రోజున నేను బయలుదేరాను. ఆ ఇంటి వాకిట్లోకి చేరేసరికి కొండగాలి చొక్కాలోకి దూరి చెమట ఆరిపోయింది. చంకలో కెమెరా సంచి, భుజాన మా బడిలో పొలాలు కొలిచే పాఠానికి వాడే మూడుకాళ్ల స్టాండు. ప్రధానోపాధ్యాయులకు అర్జీ రాసి, సంతకం చేసి తెచ్చిన స్టాండు అది.

చిన్నాయన, పెళ్లికూతురు అయిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడే పోయారు. అప్పటి నుంచి ఆ ఇంటి వ్యవహారం ఆయన అన్నగారు, నేను పెద్దనాయన అని పిలిచే పెద్దాయన, చూసుకునేవారు. ఫోటోలకు నన్ను రమ్మని కార్డు రాసింది ఆయనే. ముహూర్తాలు ఎక్కువగా ఉన్న వారం గనుక మదనపల్లె స్టూడియోవాళ్లు కొండ ఎక్కడానికి ఒప్పుకోలేదట. మన వాడే చేతిలో పెట్టె పెట్టుకొని ఉండగా బయటివాళ్లను బతిమాలడం ఎందుకని ఆ కార్డులో ఉంది.

చేరిన మధ్యాహ్నమే పని మొదలుపెట్టాను. మిద్దె ముందు టెంకాయ మట్టలతో పందిరి వేసి, నాలుగువైపులా అల్లిన తడికలు కట్టారు. చల్లగా, అందంగా ఉంది గాని లోపల చీకటి. నా దగ్గర మెరుపు దీపం లేదు. సూర్యుడు ఇచ్చిన వెలుతురే గతి. తూర్పు తడిక విప్పించాలని పెద్దనాయనతో చెప్పాను.

"తడిక తీసేస్తే మేకలు వస్తాయప్పా. రేపు పెండ్లికొడుకు మెడలో దండ మేక తినిపోతే నువ్వు బొమ్మ తీస్తావా?" అన్నారాయన.

ముహూర్తం అయ్యేవరకే తీద్దామని, మేకల బాధ్యత కూడా నాదేనని చెప్పి ఒప్పించాను. తడిక దిగగానే పందిరిలోకి వెలుతురు నీళ్లలా వచ్చి పడింది. పెళ్లిపీటల చోటుకు పడమటి వైపు రెండు వాసాల మధ్య తెల్లటి పంచె ఒకటి బిగించి కట్టాను. తూర్పు వెలుతురు దాని మీద పడి తిరిగి పెళ్లికూతురి ముఖం మీదికి రావాలని నా లెక్క. స్టాండును పీటలకు ఎనిమిది అడుగుల దూరంలో నిలిపి, దాని కాళ్లున్న చోట నేల మీద గుర్తులు పెట్టాను. ఆపైన ముగ్గుపిండి అడిగి తెచ్చుకొని, కెమెరాకు పీటలకు మధ్య ఎవరూ దాటకూడని గీత ఒకటి గీశాను.

అప్పుడే మా మేనమామ వాకిట్లోకి వచ్చాడు. అమ్మకూ చిన్నమ్మకూ ఒక్కగానొక్క తమ్ముడు. మరునాడు పెళ్లికూతుర్ని గంపలో మోసుకురావలసినవాడు ఆయనే గనుక నడుం సరిచేసుకుంటూ తిరుగుతున్నాడు. నా గీతను, పంచెను, స్టాండును ఒక్కొక్కటిగా చూశాడు.

"ఏం అల్లుడా, బడి గూడా ఈడికే తెచ్చినావా? గీత దాటినోళ్లను బెంచీ ఎక్కిస్తావో, బెత్తంతో కొడతావో ఇప్పుడే చెప్పు. మగపెండ్లోళ్లకు ముందే చెప్పి పెడతా."

నవ్వకూడదని నేను ముఖం బిగించుకున్నాను. అయినా పరీక్ష రాసే విద్యార్థి ఉత్సాహం నాకు ఆ వయసులో మళ్లీ వచ్చింది.

సాయంత్రం కాకముందే మంచినీళ్లకని ఇంటి వెనకవైపు వెళ్లాను. వంటసాల పక్క చావడిలో చిన్నమ్మ ఒక్కతే కూర్చొని చేటలో బియ్యం ఏరుతోంది. రేపటి వంటకు మూటలకొద్దీ బియ్యం ఏరి పక్కన పెట్టి ఉన్నాయి. చేట దించి, చెంబు నాకు అందించి, పని గురించి అడిగింది. నా ఏర్పాట్లన్నీ వరుసగా చెప్పాను. నోటుబుక్కు కూడా చూపించాను. చదువు రాకపోయినా ఎర్రగీతలున్న వరుస మీద వేలుపెట్టి అదేమిటని అడిగింది. చెప్పాను.

"తాళి కట్టే పొద్దుకు నేను లోపలుంటా నాయనా. ఆ ఒక్క బొమ్మ నాకు తెచ్చి సూపించు. మిగతాటివి ఎవురికిచ్చినా సరే."

భర్త లేని ఆడది పెళ్లిపందిట్లోకి రాకూడదన్న ఆచారం నాకు తెలియనిది కాదు. కన్యాదానం కూడా పెద్దనాయన, పెద్దమ్మ పీటల మీద కూర్చొని చేయబోతున్నారు. అయినా పదమూడేళ్లు ఆ పిల్లను పెంచినది ఈమె. రావద్దని ఎవరన్నారని అడిగాను. నా గొంతు కొంచెం కఠినంగానే వినిపించి ఉంటుంది.

"ఎవురూ వద్దన్లేదు. రమ్మనీ అన్లేదు." చేటలోంచి ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరింది. "రేపు ఆ పిల్లకు తలనొప్పి వచ్చినా నా పేరే చెప్తారు. నాకెందుకు నాయనా. నువ్వు బొమ్మ తీసుకోని రా, నేను కండ్లారా సూసుకుంటా."

తప్పకుండా తెస్తానని మాట ఇచ్చాను. మాట ఇవ్వడంలో కూడా నేను కొంచెం పట్టుదల గలవాణ్ణి.

మరునాడు తెల్లవారగానే లేచి చూస్తే కొండ కనిపించలేదు. మబ్బు కిందికి దిగి మిద్దెను, పందిరిని, చింతచెట్లను కప్పేసింది. ముహూర్తం తొమ్మిది దాటాక. ఆ మసక వెలుతురులో నా లెక్కలేవీ పనికిరావు. మబ్బు ఇంకో గంటలో పోతుందని పెద్దనాయన, పోదని మేనమామ పందెం వేసుకున్నారు. నేను మాత్రం అయిదు నిమిషాలకొకసారి పందిరి బయటికి వచ్చి తూర్పువైపు చూశాను. ఏడు దాటేసరికి మబ్బు పైపొర పలచబడింది. ఎనిమిదికి కింద లోయలో మగపెళ్లివారి మేళం వినిపించింది. బంగారుపాళ్యం నుంచి లారీలో వచ్చి, బాట మొదట్లో దిగి, మామిడిపళ్ల గంపలు నెత్తిన పెట్టుకొని ఎక్కుతున్నారు. మబ్బులోంచి ముందు నాదస్వరం, తర్వాత పళ్ల వాసన, ఆ తర్వాత మనుషులు బయటపడ్డారు. అది నా పట్టికలో లేని బొమ్మ. అయినా తీయకుండా ఉండలేకపోయాను. ఆ తర్వాత పట్టికలో ఒక వరుస కొట్టేసి లెక్క సరిచేసుకున్నాను.

ఆ సందడిలో పెద్దమ్మ వచ్చి, వెనకవైపు చిన్నమ్మ పిలుస్తోందని చెవిలో చెప్పింది. వెళ్లాను. చిన్నమ్మ తలుపు చాటున నిలబడి, చేతిరుమాలు కొసన ముడివేసిన చిన్న మూట ఒకటి నా కుడిచేతిలో పెట్టింది. విప్పకుండానే పసుపు వాసన తెలిసింది.

"బియ్యం నేను ఏరినా. పసుపు మీ పెద్దమ్మ చేత కలిపించినా. పసుపుకు నా చెయ్యి తగల్లేదు, దోషం లేదు. నా బదులు నువ్వు ఎయ్యి నాయనా. నువ్వేస్తే నేను ఏసినట్టే."

ఒక్క క్షణంలో చేయవలసిన పనులు రెండయ్యాయి. నేను వాటిని కూడా క్రమంలో పెట్టాను. కెమెరాను తాకి కదిలించకుండా దూరం నుంచి నొక్కడానికి దానికి ఒక సన్నటి తీగ ఉండేది, చివర బొత్తాంతో. ఆ బొత్తాం ఎడమచేతిలో ఉంచుకోవాలి. అక్షింతలు ఎడమచేత్తో వేయరు గనుక అవి కుడిచేతిలో ఉండాలి. ముందు ఎడమచెయ్యి నొక్కాలి. నొక్కిన తర్వాతనే కుడిచెయ్యి వేయాలి. పందిరి వెనక్కు వెళ్లి, ఖాళీ చేతులతో ఆ రెండు పనులనూ పదిసార్లు అభ్యాసం చేశాను. పదిసార్లూ క్రమం తప్పలేదు. తిరిగి చూస్తే మేనమామ నిలబడి ఉన్నాడు.

"అక్కా, మన అయివోరు గాలికి పెండ్లి చేస్తాండాడు," అని లోపలికి కేకవేశాడు. నవ్వులు వినిపించాయి. వాటిలో చిన్నమ్మ నవ్వు కూడా ఉంది.

ముహూర్తానికి పది నిమిషాలుందనగా మబ్బు పూర్తిగా విడిపోయింది. తూర్పుకొండ మీది నుంచి వచ్చిన ఎండ తడిక లేనివైపు నుంచి పందిరిలోకి ఏటవాలుగా పడి, నేను కట్టిన పంచెను వెలిగించింది. మేనమామ పెళ్లికూతుర్ని గంపలో మోసుకువచ్చి పీట దగ్గర దించాడు. గాజుపలక మీద ఆ పిల్ల ముఖం, వంచిన తల, చెంపసరాలు ఒక్కొక్క వెంట్రుకతో సహా స్పష్టంగా నిలిచాయి. నా లెక్క సరిపోయింది. పదమూడో బొమ్మ తీశాను. రీలు తిప్పి, మీట ఎక్కించి, పద్నాలుగుకు సిద్ధమయ్యాను. ముగ్గుగీతను ఎవరూ దాటలేదు. అప్పటిదాకా అందరూ నా గీతను గౌరవించారు.

పురోహితుడు తాళిని పళ్లెంలో అందరికీ చూపించి తెచ్చి పెళ్లికొడుకు చేతికిచ్చాడు. రెండు బొట్లున్న పసుపుతాడు. పెళ్లికొడుకు లేచి ముందుకు వంగాడు. నా ఎడమ బొటనవేలు బొత్తాం మీద ఉంది. కుడి పిడికిలిలో, మూట విప్పి పోసుకున్న చిన్నమ్మ బియ్యం వెచ్చగా ఉన్నాయి. తాళి మెడకు ఆనాలి, బొట్లు రెండూ ముందుకు కనిపించాలి, అప్పుడు నొక్కాలి. ఊపిరి బిగబట్టాను. పురోహితుడు మేళగాళ్ల వైపు చెయ్యెత్తాడు.

గట్టిమేళం మోగింది.

ఈ దేశంలో పుట్టినవాడికి ఆ మేళం వినగానే ఏమవుతుందో నేను పట్టికలో రాసుకోలేదు. అమ్మ ఒళ్లో కూర్చొని చూసిన మొదటి పెళ్లి నుంచి, ఆ చప్పుడు వినిపించిన ప్రతిసారీ నా చెయ్యి లేచి అక్షింతలు వేసింది. ఆనాడూ లేచింది. నేను చెప్పకముందే, ఎవరినీ అడగకుండా, నా కుడిచెయ్యి చిన్నమ్మ ఇచ్చిన పిడికెడూ కెమెరా మీదుగా వధూవరుల మీదికి వేసింది. చుట్టూ వందచేతులు అదే పని చేశాయి. మనుషులందరూ ఒక్కసారిగా లేచి ముందుకు వచ్చారు. ముగ్గుగీత వాళ్ల పాదాల కింద పొడిపొడి అయిపోయింది. గాజుపలక మీద చూస్తే ఎవరిదో వీపు. మొదటిముడి పెళ్లికొడుకు వేశాడని, తక్కిన రెండు ముళ్లూ ఆడబిడ్డ వేసిందని తర్వాత ఇతరులు చెప్పగా విన్నాను. నేను చూసింది వీపు మాత్రమే.

బొత్తాం నొక్కానా? గుర్తులేదు. వంగి కెమెరా పక్కనున్న మీట చూశాను. అది దిగి ఉంది. నొక్కకపోతే అది దిగదు. కాబట్టి నొక్కాను. ఒకచెయ్యి అంత బలంగా పని చేసినప్పుడు రెండో చెయ్యి తనంతట తాను బిగుసుకొని ఉండాలి. అయితే ఏ క్షణంలో బిగుసుకుందో, ఎదుట ఏముండగా బిగుసుకుందో చెప్పలేను. ఒక్క క్రమం కోసం పదిసార్లు అభ్యాసం చేసినవాణ్ణి, ఆ క్రమమే తప్పాను.

మధ్యాహ్నం భోజనాల వేళ చిన్నమ్మ ఓళిగలు కాల్చుతూ తలెత్తి, "పడిందా నాయనా?" అని అడిగింది. ఫిల్ము కడిగితే గాని తెలియదన్నాను. అది అబద్ధం కాదు. అక్షింతలు వేశావా అని అడిగింది. వేశానన్నాను. అదీ నిజమే. ఆమె తృప్తిగా తల ఊపి, పెనం మీద ఓళిగ తిప్పింది. కూతురు వచ్చి తల్లికి మొక్కినప్పుడు ఆ ఇద్దర్నీ తీద్దామని కెమెరా ఎత్తాను. చిన్నమ్మ కొంగు ముఖానికి అడ్డంపెట్టుకొని పొయ్యివైపు తిరిగింది. ఇరవైనాలుగు బొమ్మల్లో ఒక్కదానిలోనూ ఆమె లేదు.

తిరుపతికి తిరిగివచ్చిన రోజే రీళ్లు రెండూ స్టూడియోకు ఇచ్చాను. మూడోరోజు వెళితే, స్టూడియో యజమాని కడిగిన ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూపించాడు. పందిట్లో తీసినవన్నీ చక్కగా వచ్చాయని మెచ్చుకున్నాడు. పంచె కట్టిన ఉపాయం విని, తాను కూడా అలా చేస్తానన్నాడు. పద్నాలుగు దగ్గరికి వచ్చేసరికి పెదవి విరిచాడు. పెళ్లికొడుకు చేతులు పెళ్లికూతురి మెడ దగ్గర సరిగ్గా ఉన్నాయి. ముఖాలు రెండూ ఉన్నాయి. తాళి ఉండవలసిన చోట మాత్రం పెద్దపెద్ద మచ్చలు, ఒకదానిమీద ఒకటి. ఫిల్ము చెడిందో, కడిగేటప్పుడు బుడగలు పట్టాయో తెలియదన్నాడు. దానికేముంది, పెద్దగా వేసి, సన్నకుంచెతో మచ్చలు తుడిచి, తాళి గీసిపెడతానన్నాడు. అందరూ చేయించుకునేదేనట.

పక్కవాడి కాగితం చూసి రాసిన విద్యార్థిని నేను ఏనాడూ క్షమించలేదు. అయినా ఆ రోజు సరేనన్నాను. మాట ఇచ్చాను గదా, తాళి చూపించాలి గదా అని నన్ను నేను సమర్థించుకున్నాను. నోటుబుక్కులో పద్నాలుగో వరుస చివరిగడిలో 'చెడినది' అని రాశాను.

ఆ మచ్చల ఆకారం మాత్రం నన్ను వదలలేదు. బుడగలైతే గుండ్రంగా ఉండాలి. ఇవి కొంచెం కోలగా, అన్నీ ఒకే దిక్కుకు సాగి ఉన్నాయి. కడిగినప్పుడు వేసిన చిన్న అచ్చును బడికి తీసుకువెళ్లి, వేసవి సెలవుల్లో తాళం తీయించి, ప్రయోగశాల భూతద్దం కింద పెట్టాను. వెనక దూరంలో, వధూవరుల తలల మీద, వందలకొద్దీ సన్నటి తెల్లని గీతలున్నాయి. అవి జనం వేసిన అక్షింతలు. ముందరి మచ్చలు కూడా అదేరకంగా ఉన్నాయి, కాకపోతే వాటికి యాభైరెట్లు పెద్దవి, అంచులు మసకబారినవి.

ఇంటికి పరుగెత్తినంత వేగంగా నడిచి వచ్చాను. కెమెరాను స్టాండు మీద పెట్టి, మూత తెరిచి, డబ్బాలోంచి పిడికెడు బియ్యం తీసి, ఆనాడు నిలబడినట్టే నిలబడి కెమెరా మీదుగా విసిరాను. పలక మీద ఒక్క లిప్తకాలం తెల్లటి మచ్చలు మెరిసి మాయమయ్యాయి. మళ్లీ విసిరాను. అవే మచ్చలు. కటకానికి దగ్గరగా ఉన్న వస్తువు పెద్దదిగాను, మసకగాను కనిపిస్తుందని ప్రతి సంవత్సరం పాఠం చెప్పేవాణ్ణి, ఆరోజు నా ఇంట్లో నాకే ఆ పాఠం వచ్చింది. కెమెరాకు అంత దగ్గరగా ఉన్న చెయ్యి పందిట్లో నాదొక్కటే. ఆ మచ్చలు ఇంకెవరి గింజలూ కావడానికి వీలులేదు. నేల మీద బియ్యం ఏరుతూ మా ఇంటావిడ ఏమైందని అడిగింది. నేను చెప్పులు వేసుకొని స్టూడియోకు వెళ్లి, కుంచె తగలని అచ్చు ఇంకొకటి అదే పరిమాణంలో వేయమన్నాను. చెడిందాన్ని పెద్దది చేసి ఏం చేసుకుంటారని అతడు ఆశ్చర్యపోయాడు.

తొలివానలు పడ్డాక మళ్లీ కొండ ఎక్కాను. కవరులో రెండు పెద్దఫోటోలూ ఉన్నాయి. దారి పొడుగునా ఏది ముందు చూపాలో తర్కించుకున్నాను. ఆమె అడిగింది తాళి. కాబట్టి తాళి ఉన్నదే ముందు చూపాలని నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయంలో పిరికితనం కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

చిన్నమ్మ వెనక చావడిలోనే ఉంది. చేతులు కడుక్కొని, కొంగుతో తుడుచుకొని, ఫోటోను రెండుచేతులా అందుకుంది. కూతురి ముఖం మీద వేలితో నిమిరింది. అల్లుడి ముఖం చూసింది. వేలు తాళి దగ్గరికి వచ్చి ఆగింది.

"ఇదేంది నాయనా, మన తాళికి రెండు బొట్లు గదా. దీనికి ఒకటే ఉండాది. ఎవురి తాళి ఇది?"

స్టూడియో అతను తనకు తెలిసిన తాళి గీశాడు. నేను కూడా సరిచూడలేదు. తలవంచుకొని జరిగిందంతా చెప్పాను. చెయ్యి లేచిన సంగతి, క్రమం తప్పిన సంగతి, కుంచె సంగతి, ఏదీ దాచలేదు. చెప్పి, రెండో ఫోటో తీసి ఆమె ముందు పెట్టాను. మచ్చలు చూసి ఆమె కళ్లు చిట్లించింది. మేళం మోగిన క్షణంలో నా చేతిలోంచి వెళ్లిన బియ్యం ఇవి, కెమెరాకు దగ్గరగా ఉన్నందువల్ల ఇంత పెద్దవిగా పడ్డాయి, దూరాన సన్నగా కనిపిస్తున్నవి తక్కిన అందరివీ అని వివరించాను. వివరిస్తుంటే నా గొంతులో మళ్లీ ఆనాటి ఉత్సాహం వచ్చింది.

ఆమె ఫోటోను వెలుతురు వైపు తిప్పి చాలాసేపు చూసింది.

"ఇవి నేను ఏరిన బియ్యమేనా?"

"నువ్వు ఇచ్చినవే చిన్నమ్మా. ఇంకెవరివీ కావు."

"అట్లయితే నేను ఆడనే ఉండా గదా," అంది నెమ్మదిగా.

కుంచె ఫోటోను నాకు తిరిగి ఇచ్చేసింది. రెండోదాన్ని ఉంచుకుంది. బిడ్డకు గూడా ఇట్లాంటిదే ఒకటి వేయించి పంపమని, మచ్చలు తుడవొద్దని ఆ స్టూడియో ఆయనకు గట్టిగా చెప్పమని అంది. అంతలో పెద్దనాయన చావడిలోకి వచ్చారు. ఏం బొమ్మ అది, ఇటు తెమ్మని చెయ్యి చాచారు. కళ్లజోడు సర్దుకొని చూసి, పంచెతో తుడిచారు. మచ్చలు పోలేదు.

"ఏందప్పా ఈ తెల్లటివి?" అని నన్ను అడిగారు.

నేను నోరు తెరిచేలోపే చిన్నమ్మ లేచి నిలబడింది. ఆయన ఎదుట ఆమె అంత స్పష్టంగా మాట్లాడడం నేను అదివరకు వినలేదు.

"నేనేసిన అక్షింతలు బావా."

పెద్దనాయన ఆమె వైపు చూశారు. మళ్లీ ఫోటో వైపు చూశారు. నాదస్వరం లేదు, జనం లేరు, చూరు నుంచి వానచుక్కలు పడుతున్నాయి. ఆయన కళ్లజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకొని, ఫోటోను ఆమెకే తిరిగి ఇచ్చారు.

"బాగనే పడినాయి," అన్నారు. "తాళి మీదనే పడినాయి."